మ్యాచ్‌కి ముందా, ప్రైజులకి ముందా? మా సంక్రాంతి కబడ్డీలో జనగణమన

మీరు అడిగింది ఇది: "మా ఊళ్లో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడుతున్నాం. ప్రతి మ్యాచ్ ముందు జనగణమన, దాంతోపాటు 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' పెట్టాలని కమిటీలో సగం మంది పట్టుబడుతున్నారు. ఆటల్లోకి ఇవన్నీ ఎందుకని మిగతా సగం. ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి."

ముందు నా జవాబు చెప్పేస్తానండి. ప్రతి మ్యాచ్ ముందు వద్దు. ఫైనల్ రోజున, ప్రైజులిచ్చే ముందు, ఒక్కసారి పెట్టుకోండి. అదీ బాక్సుల్లో కాకుండా పిల్లల చేత పాడించండి. మేం ఈ పద్ధతికి రావడానికి మూడు సంక్రాంతులు పట్టింది. ఆ మూడేళ్లలో మేం పడ్డ అవస్థలు చదివితే మీకు పని తగ్గుతుందని రాస్తున్నాను.

నాది అంబాజీపేట దగ్గర ఒక ఊరు. కొబ్బరి వ్యాపారం. కుర్రతనంలో కబడ్డీ ఆడేవాణ్ణి, మోకాలు పోయాక మైకు పట్టుకున్నాను. మా టోర్నమెంట్ భోగి రోజు మొదలవుతుంది. కనుమ నాడు సగం ఊరు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లిపోతుంది కాబట్టి ఫైనల్ ముక్కనుమకి పెట్టుకుంటాం. ఆ నాలుగు రోజులూ గొంతు చించుకునేది నేనే. ఫలానా పాట పెట్టమనీ, ఫలానా పాట ఆపమనీ చీటీలు వచ్చేదీ నాకే.

ఒకప్పుడు మా దగ్గర ఈ గొడవే లేదు. కొబ్బరికాయ కొట్టి, ఊరి పెద్ద ఎవరో టాస్ వేసి, రిఫరీ ఈల ఊదితే ఆట మొదలు. 2014లో ప్రో కబడ్డీ వచ్చింది. కోర్టు పక్కన సినిమావాళ్లు నిలబడి జనగణమన పాడటం టీవీలో చూసేసరికి మా కుర్రాళ్లకీ ముచ్చట పుట్టింది. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మా వైపు టోర్నమెంటంటే బాక్సులు మోగాల్సిందే. ఈ జట్టు దిగితే ఈ హీరో పాట, ఆ జట్టు దిగితే ఆ నాయకుడి పాట. ఏ పాట ఏ పేటవాళ్లదో, ఏ కులంవాళ్లదో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. మా కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ గారి పేరు పెట్టే విషయంలో 2022 మేలో అమలాపురంలో ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి కమిటీ అంతా కూర్చుని ఏ హీరో పాటా, ఏ నాయకుడి పాటా పెట్టకూడదని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాం. మరి మైకులో ఏం పెట్టాలి? "జనగణమన పెట్టండి, కాదనేవాడు ఎవడు?" అన్నారొకాయన. అలా వచ్చింది మా కోర్టులోకి. సగం భక్తితో, సగం భయంతో.

2023 భోగి సాయంత్రం, మొదటి మ్యాచ్. ఇసుకలో కొబ్బరి పొట్టు కలిపి పరిచిన కోర్టు. రెండు జట్లూ వరసగా నిలబడ్డాయి, నిక్కర్లలో, వట్టి కాళ్లతో, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని. జనగణమన మొదలవగానే చేతులు కిందకి దింపారు. చూడటానికి బావుంది, నిజం చెప్పాలంటే ఒళ్లు జలదరించింది. పాట అయిపోయింది. అంతే, వెనక వరసల్లో ఉన్న పెద్దవాళ్లు శాలువాలు సర్దుకుని, మనవల చేతులు పట్టుకుని ఇంటిదారి పట్టారు. "అప్పుడే అయిపోయిందేంట్రా, ఎవరు నెగ్గారు?" అని మా పక్కింటి మామ్మగారు నన్నే అడిగింది. "కూర్చోండి మామ్మగారూ, ఇప్పుడే మొదలు" అని మైకులో బతిమాలుకున్నాను.

ఆవిడ తప్పేముంది? మా బడిలో పొద్దున్న వందేమాతరం, 'మా తెలుగు తల్లికి', ప్రతిజ్ఞ. సాయంత్రం లాంగ్ బెల్లుకి ముందు జనగణమన. చివరి 'జయహే' నోట్లో ఉండగానే సంచి భుజాన ఉండేది. ఊళ్లో సభలకీ అదే వరస: మొదట 'మా తెలుగు తల్లికి', చివర జనగణమన, ఆ వెంటనే కుర్చీలు మడిచే చప్పుడు. యాభై ఏళ్లుగా ఒంట్లో ఇంకిపోయిన అలవాటది. జనగణమన అంటే మా వాళ్లకి ఇంటికెళ్లే పాట. దాన్ని తీసుకొచ్చి ఆటకి ముందు పెడితే మనుషులు తికమకపడరా?

పైగా పదహారు జట్లు. నాకౌట్ పద్ధతిలో పదిహేను మ్యాచ్‌లు, అంటే పదిహేను సార్లు. ఒక్కోసారి 52 సెకన్లే కదా అనిపిస్తుంది. మూడో రోజుకి రంగు తేలిపోయింది. కొంతమంది సగం లేచి నడుం వంచి ఆగారు. కొంతమంది ఫోన్లోంచి తల ఎత్తకుండానే లేచారు. అన్నిటికన్నా పాపం బజ్జీల బండివాడు. పాట మొదలైనప్పుడల్లా అట్లకాడ పక్కన పెట్టి అటెన్షన్‌లో నిలబడేవాడు. మూకుట్లో మిరపకాయ బజ్జీలు నల్లబడిపోయేవి. మూడోనాడు రాత్రి నా దగ్గరికొచ్చి, "అన్నగారూ, మీ పాట ఎప్పుడెప్పుడో కాస్త ముందు చెబితే వాయి వెయ్యకుండా ఆగుతానండీ" అన్నాడు. నాకు ఆ మాట గట్టిగానే తగిలింది. మేం గౌరవం అనుకుని చేస్తున్నది అతనికి వాయిల లెక్కలా తయారైంది.

రెండో ఏడు ఇంకో రకం అవస్థ. పెన్‌డ్రైవ్ మొరాయిస్తే మైక్‌సెట్ కుర్రాడు తన ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపాడు. పాట సగంలో ఉండగా ఫోన్ వచ్చింది. రింగ్‌టోన్ పెద్ద బాక్సుల్లో మోగింది. అదేం పాటనుకున్నారు? మేం సంతకాలు పెట్టి మరీ నిషేధించిన హీరో పాటే! ఒకవైపు ఈలలు, ఇంకోవైపు అరుపులు. మధ్యలో మిలటరీలో చేసి రిటైరైన మా బాబాయి ఒక్కడే సెల్యూట్ దించకుండా, ముందుకే చూస్తూ నిలబడిపోయాడు. పాట మళ్లీ మొదట్నుంచి పెట్టాలా, ఆగిన దగ్గర్నుంచా? నాకేం తోచలేదు. ఆ కుర్రాడు రెండు రోజులు మొహం చూపించలేదు. మరుసటేడు 2025 ఫిబ్రవరిలో లాహోర్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఛాంపియన్స్ ట్రోఫీ మ్యాచ్‌కి ముందు పొరపాటున మన జనగణమన ఒక ముక్క మోగింది కదా, ఆ వీడియో నాకు మొదట పంపింది వాడే. కింద "చూశావా అన్నా" అని ఒక్క మాట.

ఇక అసలు టెన్షన్ పెట్టిన సంగతి చెబుతాను, ఎందుకంటే మీకూ ఎదురవ్వచ్చు. ఆ రెండో ఏడే క్వార్టర్ ఫైనల్లో ఒక చీటీ వచ్చింది: "ఏడో నంబర్ కుర్రాడు జాతీయ గీతం పాడలేదు, పెదవి కదపలేదు, వీడియో ఉంది, డిస్‌క్వాలిఫై చెయ్యాలి." రాసింది అవతలి జట్టు తాలూకు వాళ్లు. వాళ్ల రైడర్లని ఆ ఏడో నంబరే రెండుసార్లు పట్టేశాడు లెండి. వీడియో చూశాం. కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు, కదల్లేదు, కానీ నోరు మూసుకునే ఉన్నాడు.

మా కమిటీలో ఒక ప్లీడరుగారున్నారు. ఆయన చెప్పిన విషయం మీరూ రాసి పెట్టుకోండి. 1971 చట్టం ప్రకారం జనగణమన పాడేవాళ్లని కావాలని అడ్డుకున్నా, పాడుతున్న సభని చెడగొట్టినా నేరం, మూడేళ్ల దాకా జైలు. పాడకపోవడం నేరం కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత నమ్మకం వల్ల బడిలో పాడకుండా నిలబడితే బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది: మర్యాదగా నిలబడితే చాలు, నోరు విప్పలేదని శిక్షించడానికి లేదని. సినిమా హాళ్లలో తప్పనిసరి అని 2016 నవంబర్‌లో అన్న ఆ కోర్టే 2018 జనవరిలో తప్పనిసరి కాదని మార్చింది. అలాంటిది ఊరి కబడ్డీలో నోళ్లు తనిఖీ చేయడానికి మనమెవరం అన్నారు. చీటీ చింపేశాం.

మ్యాచ్ అయ్యాక ఆ కుర్రాణ్ణి నేనే పక్కకి పిలిచి అడిగాను, ఊరికే, తెలుసుకుందామని. భయపడిపోయాడు. "లేదన్నా, మొదటి కూత నాది. 30 సెకన్లు దమ్ము ఆగాలి. అందుకని ఊపిరి దాచుకుంటన్నా. మనసులో పాడుకున్నానన్నా, ఒట్టు" అన్నాడు. నేనూ ఆడినవాణ్ణే. కూతకి వెళ్లే ముందు మనిషి లోపల ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్కవాడు పిలిచినా వినపడదు. అలాంటప్పుడు వాడి మొహం మీద కెమెరా పెట్టి దేశభక్తి కొలిచారు చూడండి! ఆ రోజే అనుకున్నాను, మ్యాచ్ ముందు ఈ పాట ఉండకూడదని.

ఇప్పుడు 'మా తెలుగు తల్లికి' సంగతి. దీని మీద నాకు మమకారం ఎక్కువే. రాసింది తిరుపతి వైపు శంకరంబాడి సుందరాచారి, పాడి ఊరూరా వినిపించింది మన రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి. అందులో గోదారి పేరు వచ్చే దగ్గర మా వాళ్లు ఈల వెయ్యకుండా ఉండలేరు. తప్పు పట్టకండి, అది మా గోల. 2025లో భద్రాచలం నుంచి ఒక జట్టు వచ్చింది. గోదారి ఒడ్డువాళ్లే, మనకన్నా పైన. పాట మోగగానే నిలబడ్డారు, మర్యాదగానే. తర్వాత వాళ్ల మేనేజర్ నా దగ్గరికొచ్చి, "అన్నా, తప్పుగా అనుకోకు. మాకూ ఒక రాష్ట్ర గీతం ఉంది ఇప్పుడు" అన్నాడు. నిజమే. అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ'ని 2024 జూన్ 2న వాళ్లు రాష్ట్ర గీతం చేసుకున్నారు. మన ఇంటికొచ్చిన చుట్టాన్ని నిలబెట్టి మన పాట మాత్రమే వినిపించామన్నమాట.

కమిటీలో రాత్రి పదకొండు దాకా వాదన. అతిథులు కదా, వాళ్ల పాటా పెడదామన్నారు కొందరు. అయితే రేపు ఒడిశా నుంచి జట్టొస్తే వాళ్లదీ పెడతారా అన్నారు ఇంకొందరు. చివరికి మా ఊరి సన్నాయి మేళం వాళ్లని పిలిచాం. సెమీస్ నుంచీ జట్లు కోర్టులోకి వచ్చేటప్పుడు డోలూ సన్నాయీ. సన్నాయికి మాటల్లేవు కాబట్టి తగువూ లేదు. భద్రాచలం కుర్రాళ్లు డోలు దెబ్బకి గెంతుకుంటూ వచ్చారు. మన సంస్కృతి వినిపించాలనే కదా మీ సగం కమిటీ ముచ్చట? అయితే మేళాన్ని పిలవండి. వాళ్లకి నాలుగు డబ్బులు కూడా.

"అమెరికాలో ప్రతి మ్యాచ్‌కీ పాడతారు, మనమెందుకు పాడకూడదు" అనేవాళ్లు మీ కమిటీలోనూ ఉంటారు, మా దగ్గర ఉన్నారు, టెక్సాస్ నుంచి పండక్కి వచ్చిన బావగారు. వాళ్ల కథ వేరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1918 బేస్‌బాల్ ఫైనల్స్‌లో వాళ్ల 'స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్' పాట వాయిస్తే జనం ఊగిపోయారు. అప్పటికింకా అది వాళ్ల జాతీయ గీతం కూడా కాదు, 1931లో అయింది. రెండో యుద్ధం నాటికి ప్రతి ఆటకీ అలవాటైపోయింది. అలవాటైనదాంట్లోనే తగువు పుట్టింది. 2016లో కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు నల్లవాళ్ల మీద జరిగే అన్యాయానికి నిరసనగా ఆ పాటప్పుడు మోకాలి మీద కూర్చుంటే దేశం రెండుగా చీలింది. 2020లో అక్కడి ఫుట్‌బాల్ లీగు నల్లవాళ్లు తమ జాతి గీతంగా చెప్పుకునే 'లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్' అనే పాటని కూడా చేర్చింది. ఒక దేశానికి రెండు పాటలేంటని ఒకరు, ఇన్నాళ్లకైనా మా పాట వినపడిందని ఇంకొకరు. ఇప్పటికీ తెగలేదు. నాకు మాత్రం ఆ పాట పుట్టుక నచ్చింది. 1900లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో దాన్ని మొదటిసారి పాడింది అయిదొందల మంది బడిపిల్లలట.

వేల్స్ సంగతి ఇంకా బావుంటుంది. 1905 డిసెంబర్‌లో కార్డిఫ్‌లో రగ్బీ మ్యాచ్. న్యూజిలాండ్ వాళ్లు ఆటకి ముందు వేసే తమ హాకా నాట్యం వేశారు, తొడలు చరుస్తూ, గుడ్లురుముతూ. దానికి జవాబుగా వేల్స్ ఆటగాళ్లు తమ భాషలో పాట ఎత్తుకున్నారు. చుట్టూ ఉన్న వేలమంది అందుకున్నారు. ఆటకి ముందు జాతీయ గీతం పాడటం అక్కడే మొదలంటారు. బాక్సులు లేవు, పెన్‌డ్రైవ్ లేదు, "అందరూ లేచి నిలబడవలసిందిగా" అని నాలాంటి మైకువాడు లేడు. అవతలివాడు తొడ చరిచాడు, వీళ్లకి పాట తన్నుకొచ్చింది. ముమ్మిడివరం జట్టుకీ పాలకొల్లు జట్టుకీ మధ్య ఆటలో జనగణమన ఎవరికి జవాబు? ఇద్దరిదీ అదే పాట కదా. దేశానికీ దేశానికీ మధ్య ఆటైతే ముందు పెట్టడంలో అర్థం ఉంది.

అందుకే ప్రైజుల ముందుకి మార్చాం. ఆ ఆలోచన నాకు మా కొబ్బరి కొట్లో వచ్చింది. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ బంగారం కొట్టింది. బ్యాడ్మింటన్‌లో ఆసియా క్రీడల బంగారం మన దేశానికి అదే మొదటిది. పతకాలు మెళ్లో వేశాక జెండా పైకి వెళ్తూ జనగణమన మోగింది. కొట్లో ఫోన్‌ని కాటా మీద ఆనించి చూస్తున్నాం. కాయలు ఒలుస్తున్న ఇద్దరూ పని ఆపి, చేతులు లుంగీకి తుడుచుకుని లేచి నిలబడ్డారు. లేవమని ఎవరూ అనలేదు. అంత చిన్న ఫోన్లోంచి వచ్చే పాటకి! నేనూ లేచాను. ఆ తర్వాత కూడా రెండు సంక్రాంతులు ఆట ముందే పెట్టి తిట్లు తిన్నాం, అది వేరే సంగతి. బుర్ర వెలగడానికి టైమ్ పడుతుంది.

ఈ ఏడాది ముక్కనుమకి ఇలా చేశాం. ఫైనల్ అయింది. నెగ్గినవాళ్లూ, ఓడినవాళ్లూ కలిసి ఒకే వరసలో నిలబడ్డారు, వీపుల నిండా ఇసుకా కొబ్బరి పొట్టూ. హైస్కూల్ ఆడపిల్లలు ఆరుగురు మైకు ముందుకొచ్చారు. తెలుగు మేడమ్‌గారు పక్కనే. ఇక్కడ ఒక కిటుకుంది. పిల్లలు హుషారుకొద్దీ పైనుంచి ఎత్తుకుంటారు, చివర 'జయ జయ జయ'ల దగ్గరికొచ్చేసరికి గొంతు అందక కీచుమంటుంది. మేడమ్‌గారు అరచెయ్యి కిందకి ఊపుతూ "ఇంకా కిందకి, ఇంకా" అని మూడుసార్లు ఆపి మొదలెట్టించారు. జనం నవ్వారు. నాలుగోసారికి కుదిరింది. రెండో లైనుకల్లా జనం అందుకున్నారు, శ్రుతి లేదు, తాళం లేదు, ఒక్కొక్కరూ ఒక్కో చోట ఉన్నారు. ఏడో నంబర్ కుర్రాడు కూడా వచ్చాడు ఈసారి, వేరే జట్టుకి ఆడాడు, ఫైనల్లో ఓడిపోయాడు. నోరారా పాడాడు. ఇక దమ్ము దాచుకోవాల్సిన పని లేదుగా. చివరి 'జయహే' అవగానే మామ్మగారు శాలువా సర్దుకుని లేచింది. ఈసారి ఆవిడే రైటు.

మీ పోస్టు కింద ఒకాయన "జనగణమన వద్దన్నవాళ్లని ఊళ్లోంచి పంపెయ్యాలి" అని రాశారు. ఆయనకి పెద్దగా చెప్పేదేం లేదు. పదిహేను సార్లు పెట్టి చూడమనండి, బజ్జీల బండి పక్కన నిలబడి. ఆటల్లో పాటలే వద్దనే మీ రెండో సగానికి మాత్రం ఒక మాట: ఒక్కసారైనా లేకపోతే ఏదో వెలితిగా ఉంటుందండి. నాలుగు రోజులు తిట్టుకుని, తోసుకుని, రిఫరీ మీద పడి అరిచిన జనం కలిసి చేసే పని అదొక్కటే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాడే పిల్లల్ని డిసెంబర్‌లోనే అడిగి పెట్టుకోండి. సంక్రాంతి సెలవులివ్వగానే సగం మంది అమ్మమ్మగారిళ్లకి వెళ్లిపోతారు. మాకు ఆరుగురు దొరకడానికి పన్నెండు మందిని బతిమాలాం. అందులో ఇద్దరికి, పాడినందుకు, మొదటి రోజు నుంచీ ముందు వరస కుర్చీ ఇస్తానని మాట కూడా ఇవ్వాల్సొచ్చింది.